మేరీ అక్క వంట మానేసిన కారణం

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. బరువు అనడం కూడా నన్ను నేను గొప్ప చేసుకోవడమే. అది పిరికితనం. పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఈ రాత ఎందుకు?

జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గర చెరువు గట్టున మా తెలుగు చర్చివాళ్ల వేసవి పిక్నిక్. బిర్యానీ మేరీ అక్కది. గుంటూరు మనిషి, ఇక్కడ వృద్ధాశ్రమంలో నర్సు. ఆమె వండుతుందంటే పక్క ఊళ్ల వాళ్లు కూడా దిగిపోయేవారు. స్టవ్ మాత్రం నాది, క్యాంపింగ్‌కి కొన్న చిన్న గ్యాస్ స్టవ్. అంత డేక్షాకి ఆ మంట ఏ మూలకు? “ఇంజినీరువి కదా, ఏదోటి చెయ్యి బాబూ” అని ఎగతాళి చేశారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంటి ఓనర్ తోటలో కలుపు కాల్చే గ్యాస్ టార్చ్ నా డిక్కీలో ఉంది. దాని రెగ్యులేటర్ ఊడదీసి, ఎవరూ చూడకుండా స్టవ్ గొట్టానికి బిగించాను. అది గ్యాస్‌ని ఎన్నో రెట్ల ఒత్తిడితో వదులుతుందని, ఇక ఆ స్టవ్ నాబ్‌కి మంట లొంగదని నాకు తెలియదా? తెలుసు. నేను చదివిన చదువే అది.

మేరీ అక్కకి అనుమానం వచ్చింది.

“ఏంది తమ్ముడూ, మంట ఇట్టా ఎగురుతుంది?”

“ఏం కాదక్కా, సిమ్‌లో పెట్టుకోండి.”

సిమ్‌లోనే పెట్టింది. నా కళ్లతో చూశాను. అయినా మంట భగ్గున డేక్షా చుట్టూ లేచింది. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. అందరూ ఆమెను కుళాయి దగ్గరికి పరుగెత్తించారు. నేనేం చేశాను? సిలిండర్ కట్టేసి, పాత రెగ్యులేటర్ మళ్లీ బిగించాను. ఛీ! ఏమైందని అడిగినవాళ్లతో, “నేను సిమ్‌లో పెట్టమన్నాను, అక్కే ఫుల్‌గా తిప్పేసింది” అన్నాను.

ఎంత సులువుగా నమ్మారండీ! ఆమె చేతి వంట లొట్టలేసుకుంటూ తిన్నవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఆ స్టవ్‌ని వంగి చూడలేదు. ఆడమనిషి, కంగారుపడి ఉంటుంది, అంతే. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండిపోతుంది. కానీ వాళ్లను తిట్టే నోరు నాకెక్కడిది? ఆ అబద్ధం వాళ్లకు వడ్డించింది నేనే కదా?

తర్వాత డాక్టర్ దగ్గర్నుంచి వస్తూ, చేతికి కట్టుతో ఆమే నన్ను ఆపింది. “నా తొందరే తమ్ముడూ. నీ స్టవ్ ఏమన్నా పాడైందా?” అంది. ఏమీ కాలేదన్నాను. అప్పుడైనా చెప్పొచ్చుగా?

ఆమె మళ్లీ మా కోసం వండలేదు. మొన్నటి పిక్నిక్‌లోనూ ఎవరో, “అక్కా, నువ్వు మాత్రం పొయ్యి జోలికి రాకు తల్లీ!” అని నవ్వారు. ఆమె కూడా నవ్వి, చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, ఉల్లిపాయలు కోయడానికి పక్కకి వెళ్లింది. తన మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. ఇంతకంటే పాపం ఏముంటుంది?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఆమెకు ఇంకా చెప్పలేదు, చెబుతానని ప్రగల్భాలూ పలకను. కానీ నేను కాక ఇంకొకరికైనా ఈరోజు తెలిసింది, ఆ మధ్యాహ్నం మేరీ అక్క మంట తగ్గించే ఉంచింది.