ఓపల్ పెట్టుకున్న మీసం

గ్రానైట్ బెండ్ చుట్టుపక్కల వెండిగనులు మూతబడి చాలా కాలమైంది. గనికూలీలు కట్టుకున్న హాలు మాత్రం నిలిచింది. ప్రతి వేసవిలోనూ ఊరివాళ్లే అందులో నాటకాలు ఆడేవారు. పేరు మారేది గానీ కథ మారేది కాదు: పొలం కాజెయ్యాలని చూసే నల్లకోటు దుర్మార్గుడు, రైలుపట్టాలకు కట్టేసిన అమాయకపు పిల్ల, ఆఖరి క్షణంలో పరుగెత్తుకొచ్చే వీరుడు. దుర్మార్గుడు అడుగుపెట్టగానే పియానో గుర్రుమనేది. జనం ‘ఉష్! ఛీ! ఫో!’ అని బుసకొడుతూ, అరుస్తూ మొక్కజొన్న పేలాలు విసిరేవాళ్లు. ఆ అరుపుల కోసమే కొండ దిగువ ఊళ్లనుంచి కూడా కార్లేసుకుని వచ్చేవారు.

ఓపల్ పెన్‌హేల్ బడి వంటశాలలో వంట చేసేది. వేసవి వస్తే మాత్రం ఆమే ఆ అమాయకపు పిల్ల. పెళ్లయిన కొత్తలో వేసిన వేషం, జుట్టు నెరిసినా వదల్లేదు. రంగు పూసిన చెక్కపట్టాల మీద ఆమె ‘కాపాడండీ!’ అంటే వెనకవరుసలో ముసలాళ్లు కూడా కళ్లు తుడుచుకునేవారు.

ఒక వసంతంలో, నాటకాలు నడిపించే లైల్ ఆమె పక్కకొచ్చి కూర్చున్నాడు. నిలబడి చెప్పే మాటైతే కూర్చునేవాడు కాడు.

“ఓపల్, ఈసారి ఆ పిల్ల వేషం కుర్రది, ఆ జోలీన్‌కి ఇద్దామనుకుంటున్నా. నువ్వు తల్లి వెయ్యి.”

“తల్లికేముంది? రెండు మాటలు, ఒక దగ్గు.”

“మూడు దగ్గులున్నాయి,” అన్నాడు లైల్ నేల చూస్తూ.

ఓపల్ నవ్వేసింది. ఇంటికెళ్లి మొగుడు హార్లన్‌తో “నాకేం బాధ లేదు” అంది. హార్లన్ చలికాలమంతా రోడ్డుమీద మంచు తోసే బండి నడిపే మనిషి. అతను గొంతు పెంచగా విన్నవాళ్లు ఊళ్లో లేరు.

“మంచిదేలే,” అన్నాడు మెల్లగా. “పట్టాలమీద పడుకుంటే నీ నడుం పట్టేస్తోందిగా.”

ఆ మాటకి ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. బాధ లేదంటే నమ్మేశాడేం మరి!

రిహార్సల్స్ సగంలో ఉండగా దుర్మార్గుడికి గొంతు పోయింది. ఆ వేషం మంగలి విన్‌ఫీల్డ్ సొత్తు. గొంతులో గడ్డ తీశాక అతనికి గుసగుస తప్ప మరేమీ మిగల్లేదు. లైల్ ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. బ్యాంకు మేనేజరైతే చేతులెత్తి దణ్ణం పెట్టాడు: “నన్నొదిలెయ్ బాబూ, వేషం లేకుండానే రోజూ తిట్లు తింటున్నా.”

ఇక ఈ ఏటికి ఆట లేనట్టే అని లైల్ హాల్లో తల పట్టుకున్నాడు. తల్లి కుర్చీలో దగ్గడానికి కూర్చున్న ఓపల్ లేచింది. కోటు లేకుండా, మీసం లేకుండా, దుర్మార్గుడి మొదటి మాట నుంచి చివరి బెదిరింపు దాకా ఏకబిగిన అప్పజెప్పింది.

“ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావ్?” అన్నాడు లైల్.

“ఇన్నేళ్లూ ఆ పట్టాలమీద పడుకుని ఏం చేశాననుకున్నావ్? వినడమేగా!”

ఓ మూల కూర్చుని చూస్తున్న విన్‌ఫీల్డ్ లేచొచ్చాడు. తన నల్లటోపీ తీసి ఆమె తలమీద పెట్టి, చెవిలో గుసగుసగా అన్నాడు: “అరవకు. ప్రేమగా చూడు వాళ్లని. అప్పుడే మండుతుంది.”

మొదటి ఆట రోజు హాలు నిండింది. పియానో గుర్రుమంది. మీసం మెలేస్తూ ఓపల్ అడుగుపెట్టింది. జనం చప్పట్లు కొట్టారు!

“అదుగో మన ఓపల్! మీసం భలే ఉందమ్మోయ్!”

ఆ హాల్లో సగంమంది చిన్నప్పుడు ఆమె వడ్డించిన అన్నం తిన్నవాళ్లే. ఉప్పు తిన్న నోటితో ఛీ కొట్టేదెలా? ఆమె ఎంత బెదిరిస్తే వాళ్లంత మురిసిపోయారు. ఛీ కొట్టించుకోని దుర్మార్గుడితో నాటకం నీళ్లచారులా చప్పబడిపోయింది.

విరామంలో తెరవెనక ఓపల్ గోడకానుకుని నిలబడింది. ఇన్నాళ్లూ తను ముక్తసరిగా తప్ప పలకరించని జోలీన్ దగ్గరికొచ్చింది.

“ఒకమాట చెప్తే కోప్పడరుగా? మీరు నన్ను లాక్కెళ్లట్లేదు, చంటిపిల్లని నిద్రపుచ్చినట్టు తీసుకెళ్తున్నారు. తాడు బిగించి కట్టండి.”

“నొప్పెడుతుందే పిచ్చిపిల్లా.”

“పెట్టనీండి! అప్పుడన్నా అరుపు సరిగ్గా వస్తుంది నాకు.”

ఓపల్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఏదో ముడి వదులైంది కూడా.

రెండో అంకంలో ఆమె చెయ్యాల్సింది చెయ్యకుండా మెట్లు దిగి జనంలోకి నడిచింది. ముందువరసలో హార్లన్ ఒళ్లో పేలాల పొట్లం ఉంది. అతని కళ్లలోకి ప్రేమగా చూస్తూ పొట్లం లాక్కుంది. ఒక్కొక్కటే తీరిగ్గా నమిలింది. “ఇంట్లో పెళ్లాం పెట్టేది చాలట్లేదా, పెద్దమనిషీ?” అని, మిగిలినవన్నీ అతని నెత్తిమీద ఒంపేసింది.

హార్లన్ లేచాడు. ముఖం కందగడ్డయింది. భుజాలమీంచి పేలాలు రాలుతుండగా, ఊరు ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు:

“ఛీ! సిగ్గులేదూ! పో బయటికి!”

అంతే, ఆనకట్ట తెగింది. మేనేజరు కుర్చీ ఎక్కి అరిచాడు. పాత విద్యార్థులు, వాళ్ల పిల్లలు, చర్చి పాటగాళ్లు, అందరూ అందుకున్నారు. గొంతులేని విన్‌ఫీల్డ్ కూడా పళ్లు బిగించి ‘ఉష్’మన్నాడు. దానికి గొంతు అక్కర్లేదుగా. పేలాలు మంచులా కురిశాయి. ఆ వానలో నిలబడి ఓపల్ ఒళ్లంతా పులకరించింది. తనను ఎవరో వచ్చి కాపాడేదాకా ఎదురుచూడక్కర్లేని మొట్టమొదటి ఆట అది.

ఇంటికి నడుస్తూ ఆమె హార్లన్ చెయ్యి పట్టుకుంది. “నిజంగానే కోపమొచ్చిందా?”

“కాస్త.”

“ఎందుకూ?”

“అడిగి మరీ వెన్న ఎక్కువ వేయించుకున్నా. రెండు కూడా తిన్లేదు.”

మోకాళ్లు మొరాయించేదాకా ఓపల్ ఆ నల్లకోటు విడవలేదు. సెలవులయ్యాక బడి తెరిస్తే, భోజనాల వరుసలో పిల్లలు పళ్లేలు చాస్తూ సన్నగా ‘ఉష్’మనేవారు. ఆమె కనుబొమ్మ ఎగరేసి, వాళ్లకిష్టంలేని బఠాణీలు ఇంకో గరిటె వడ్డించేది.