పోని తుపాకీ, దొరికిన బావ

హోటళ్ళ మరుగుదొడ్లలో కొక్కెం ఎందుకు పెట్టరో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. పరిశుభ్రత పాటించండి అని బోర్డు పెడతారు. ఆ బోర్డుకు కొట్టిన మేకుల్లో ఒక్కటి తలుపుకు కొట్టి ఉంటే మనిషి తన సంచీ తగిలించుకునేవాడు. ఆ ఒక్కటీ కొట్టరు. లోపలికి పోయినవాడు సంచీ మెడలో వేసుకుని, ఫోను పళ్ళ మధ్య పట్టుకుని, సర్కస్‌లో మాదిరి కూర్చోవాలి. అంత విద్య లేనివాడు ఉన్నదంతా ఫ్లష్ ట్యాంకు మీద పెడతాడు, లేచి పోయేటప్పుడు మర్చిపోతాడు. నేను అలా కళ్ళజోడూ గొడుగూ పోగొట్టుకున్నాను. ఇంకొకాయన పిస్తోలు పోగొట్టుకున్నాడు. ఆయన ఏమీ పోగొట్టుకోలేదని తర్వాత పోలీసులు తేల్చారు. ఆ సంగతికి మెల్లగా వస్తాను.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతాను. పిల్లలు నిద్రపోవడానికి టైం టేబుల్లో కేటాయించిన పీరియడు నాది. మా అక్కను గురజాల దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. మా బావ మిరప వేస్తాడు, మధ్యలో పత్తి వేస్తాడు, రెండింటిలోనూ నష్టం వచ్చిన ఏడు మళ్ళీ మిరపే వేస్తాడు. గొడవలకు పోయే మనిషి కాదు. అయితే మా వైపు గొడవలకు మనం పోనక్కర్లేదు, అవే వస్తాయి. ఈ పిస్తోలు సంగతికి ముందు జరిగిన ఎన్నికల్లో ఆయన వీధిలో రాళ్ళు పడ్డాయి. వేసినవాళ్ళు పారిపోయారు. పారిపోవాల్సిన పని తనకేముందని మా బావ ఇంటి ముందే నిలబడ్డాడు. పోలీసులు వచ్చి, నిలబడి ఉన్నవాళ్ళందరినీ బైండోవర్ చేశారు. అంటే తహసీల్దారు ముందుకు తీసుకుపోయి, ఇకమీదట ఒక గడువు దాకా బుద్ధిగా ఉంటానని సంతకం పెట్టించుకోవడం.

మా పల్నాడులో ఓటరు కార్డు ఎంత మామూలో బైండోవరూ అంతే మామూలు. దాని తర్వాతి మెట్టు మాత్రం మామూలు కాదు. ఆ గడువు లోపల ఇంకో గొడవలో పేరు వినపడిందా, రౌడీషీటు తెరుస్తారు. ఇక ప్రతి ఆదివారం స్టేషనుకు పోయి సంతకం పెట్టి రావాలి. ఊళ్ళో ఎవరి గడ్డివామి తగలబడినా ముందు నిన్ను పిలుస్తారు. తెరిచినంత తేలిగ్గా ఎవరూ దాన్ని మూయరు. మా బావకు అప్పులన్నా భయం లేదు, పురుగుమందు డీలరన్నా భయం లేదు. ఆ షీటంటే భయం. గడువు ముగియడానికి కొద్ది వారాలే మిగిలాయి. ఆ వారాలు సక్రమంగా గడవాలని ఆయన రామాలయం కమిటీలో చేరాడు. గుడి పని చేసేవాడి మీద ఎవరు మాత్రం ఏం రాస్తారని ఆయన లెక్క.

ఆ గుడి ముందు పెట్టడానికి రాతి నాగేంద్రుడి విగ్రహం కావాలని కమిటీ అనుకుంది. దుర్గిలో శిల్పులతో మాట్లాడి రమ్మని మా బావకు అప్పగించారు. విగ్రహం కింద నాలుగు ముక్కలు తప్పుల్లేకుండా చెక్కించాలి గదా, నువ్వు కూడా రా అని నన్ను బండి ఎక్కించుకున్నాడు. మా కుటుంబంలో నా చదువుకు పని పడేది ఇలాంటప్పుడే.

దారిలో ఒక హోటల్ దగ్గర టిఫినుకు ఆగాం. నేను వెనక వైపున్న మరుగుదొడ్డికి పోయాను. ఫ్లష్ ట్యాంకు మీద నల్లటి తోలు తొడుగు ఒకటి, బెల్టుతో సహా ఉంది. పెద్ద సైజు ఫోను కవరనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే పిడి కనపడింది. ఫోన్లకు పిడి ఉండదు.

నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ నిగ్రహానికి తెలివి కారణమని చెప్పుకోవాలని ఉంది గానీ, కారణం వణుకు. వచ్చిన పని కూడా మానుకుని బయటికి వచ్చి, తలుపు దగ్గరికి లాగి, బయటి గడియ పెట్టాను. చేతి సైగతో మా బావను పిలిచి, విషయం చెవిలో చెప్పాను.

మా బావ నా భుజం పట్టుకుని టీ బల్ల వైపు తిప్పాడు. "నువ్వు చూళ్ళా. నేను వినలా. పా, టీ చల్లారిపోద్ది," అన్నాడు.

అది మంచి సలహా. ఆ మాట నాకు అప్పుడే తెలుసు. అదే సమయానికి తిరనాళ్ళకు పోయే వ్యాను ఒకటి వచ్చి హోటల్ ముందు ఆగింది. అందులోనుంచి ఆడవాళ్ళూ, వాళ్ళ చంకల్లోనూ చేతుల్లోనూ పిల్లలూ దిగి, తిన్నగా మా వైపే నడిచి వచ్చారు. నేను మా బావ వైపు చూశాను. ఆయన పిల్లల వైపు చూశాడు. ఏ పసివాడో ఆ ట్యాంకు మీద చెయ్యి వేసి బెల్టు లాగితే ఏమవుతుందో ఇద్దరం ఒకేసారి ఊహించి ఉంటాం. ఆయన టీ మాట మళ్ళీ ఎత్తలేదు. తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

నేను పోలీసు నంబరు నూటపన్నెండుకు ఫోన్ చేశాను. ఎక్కడ, ఏమిటి, మీ పేరేమిటి అని అడిగారు, చెప్పాను. దాన్ని ఎవరినీ తాకనివ్వకండి, అక్కడే ఉండండి అన్నారు. అంతవరకూ అంతా పుస్తకాల్లో రాసినట్టే జరిగింది.

తర్వాత మా బావ ఒక పొరపాటు చేశాడు. మా ప్రాంతంలో బాధ్యత గల ఏ మనిషైనా చేసే పొరపాటే అది. వ్యానులో వచ్చిన ఆడవాళ్ళు తలుపు ఎందుకు తీయవని అడిగితే, తుపాకీ అంటే బెదిరి తొక్కుకుంటారని, "పాముందమ్మా లోపల," అన్నాడు.

ఇంకెక్కడైనా పామంటే జనం వెనక్కి పోతారేమో. మా దగ్గర ముందుకు వస్తారు. హోటల్లో ఇడ్లీ తింటున్నవాళ్ళు చెయ్యి కడుక్కోకుండా వచ్చారు. రోడ్డు మీద పోయే ట్రాక్టరు ఆగింది. ఎవరో ఒక పెద్దాయన ఎక్కడినుంచో దుడ్డుకర్ర తెచ్చి మా బావ చేతిలో పెట్టి, నువ్వు కొట్టు, నేను తోక పడతానని తలుపు వైపు వంగాడు. ఫోన్లు పైకి లేచాయి. పెద్దాయన గడియ మీద చెయ్యి వేసేసరికి మా బావకు గత్యంతరం లేక, పాము కాదు పెద్దాయనా, లోపల తుపాకీ ఉంది అని చెప్పాల్సి వచ్చింది. పాము కోసం ముందుకు వచ్చిన జనం ఇంకో అడుగు ముందుకు వచ్చారు.

పోలీసు జీపు వచ్చేసరికి దృశ్యం ఇదీ: మూసి ఉన్న తలుపు, లోపల తుపాకీ, బయట కర్ర పట్టుకుని మా బావ, చుట్టూ జనం. చూసినవాళ్ళు ఏం అనుకోవాలో అదే అనుకునేలా ఉంది.

దిగిన హెడ్ కానిస్టేబుల్ పెద్దవయసు మనిషి. తలుపు తీసి, తొడుగును రుమాలుతో పట్టుకుని బయటికి తెచ్చి, ఎవరికి దొరికిందయ్యా ఇది అని అడిగాడు. ఎవరికీ దొరకలేదండీ, నాకు కనపడింది అన్నాను. కనపడితే దొరికినట్టే గదా అన్నాడాయన. కాదండీ, దొరకడం వేరు, కనపడటం వేరు అని నేను వివరించబోయాను. వృత్తి దోషం. మా బావ వెనకనుంచి నా చొక్కా లాగాడు. హెడ్ కానిస్టేబుల్ ఆ లాగడం చూసి, నన్ను వదిలేసి ఆయన్ను ఏ ఊరని అడిగాడు. మా బావ చెప్పాడు. "ఓహో, ఆ ఊరా," అన్నాడాయన, మిగతాది తనకు తెలుసన్నట్టు. మా జిల్లాలో కొన్ని ఊళ్ళ పేర్లు చెబితే చాలు, సగం నేరం ఒప్పుకున్నట్టే.

వాంగ్మూలం రాయాలి, స్టేషను దాకా రండి అని ఇద్దరినీ జీపు ఎక్కించారు. ఎక్కేటప్పుడు కర్ర ఎవరికివ్వాలో తెలియక మా బావ దాన్ని చేతిలోనే ఉంచుకున్నాడు. ఫోన్లు అదీ తీశాయి.

స్టేషన్లో బల్ల మీద చాలాసేపు కూర్చున్నాం. ఈలోగా ఒక కారు వచ్చి ఆగింది. సఫారీ వేసుకున్న మనిషి ఒకడు చెమటతో తడిసిపోయి లోపలికి పరిగెత్తుకొచ్చాడు. ఒక నాయకుడి గన్‌మేన్. పొద్దున ఆ హోటల్లో నాయకుడు దోసె తింటుండగా ఇతను వెనక్కి పోయాడు, బెల్టు విప్పాడు, తగిలించడానికి కొక్కెం కనపడలేదు. బయట నాయకుడు కారెక్కి హారన్ కొట్టించాడు. అంతే జరిగింది.

అతను ముందు ఎస్సై గదిలోకి పోయాడు. తర్వాత మా దగ్గరికి వచ్చి మా బావ చేతులు రెండూ పట్టుకున్నాడు. ఇది కాగితం మీదికి ఎక్కితే తన ఉద్యోగం పోతుందని, ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారని చెప్పి ఏడ్చాడు. తుపాకీ పెట్టుకునే మనిషి ఏడుస్తుంటే చూడటం నాకు అదే మొదటిసారి. మా బావ అతని భుజం తట్టాడు.

ఎస్సై మమ్మల్ని లోపలికి పిలిచి టీ తెప్పించాడు. చాలా మంచి పని చేశారు, ఇంకొకరైతే తీసుకుపోయి అమ్ముకునేవారు అన్నాడు. ఇక ఈ సంగతి ఇంతటితో మర్చిపోండి, వాంగ్మూలం కూడా అక్కర్లేదు అన్నాడు. నాకు ఫోనులో నూటపన్నెండు వాళ్ళ నుంచి ఒక సందేశం వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. సమస్య నాదని నేనెప్పుడూ అనుకోలేదు.

తిరుగు దారిలో ఉన్నంత హుషారుగా మా బావను నేనెప్పుడూ చూడలేదు. కాగితం లేకపోతే పేరు లేదు, పేరు లేకపోతే కేసు లేదు. ఒక మనిషి ఉద్యోగం నిలబడింది, తన గడువుకు మచ్చ పడలేదు. "మనం చేసిన పని దేవుడికి తెలిస్తే చాల్లే మాస్టారూ," అన్నాడు. నాగేంద్రుడి విగ్రహం కూడా మర్చిపోయామని ఊరు దగ్గరికొచ్చాక గుర్తుకొచ్చింది. రేపు పోదాంలే అన్నాడు.

ఆ రేపు రాలేదు. మేం ఇల్లు చేరకముందే వీడియో చేరింది. కర్రతో మా బావ, రుమాల్లో తుపాకీ, జీపు ఎక్కడం, అన్నీ వరసగా ఉన్నాయి. దాని కింద ఎవరో ఒక వాక్యం రాశారు.

జరిగింది: తుపాకీ దొరికింది. వాళ్ళు రాసింది: తుపాకీతో దొరికారు.

తో అనేది తృతీయా విభక్తి ప్రత్యయం. ఏటా పిల్లలకు అది నేర్పి జీతం తీసుకుంటున్నాను. ఒక్క అక్షరం అంత పని చేయగలదని ఏ వ్యాకరణమూ నాకు చెప్పలేదు. మా భాషలో దొరికింది అన్న మాట పోయిన వస్తువుకూ వాడతాం, పారిపోయిన దొంగకూ వాడతాం. వినేవాడు తనకు కావలసినది తీసుకుంటాడు. మా ఊళ్ళలో కావలసినది ఎప్పుడూ రెండోదే.

వారం తిరక్కుండా రామాలయం కమిటీ పెద్ద ఇంటికి వచ్చి, కొన్నాళ్ళు పక్కన ఉండు అల్లుడూ, ఈ గోల సద్దుమణగనీ అన్నాడు. చానా మర్యాదగా అన్నాడని మా బావే చెప్పాడు. పొలానికి వచ్చే కూలీ ఆడవాళ్ళు ఆయన ఎదురైతే మాట తగ్గించారు. మరీ చిత్రమేమిటంటే, ఇంతకు ముందు పలకరించని గొడవల మనుషులు ఇద్దరు ముగ్గురు పలకరించడం మొదలుపెట్టారు. వాళ్ళను చూస్తే మా అక్కకు ఇంకా భయం వేసేది.

గడువు ముగిసే ముందు మా బావ ఊరి స్టేషను నుంచి ఒక కానిస్టేబుల్ విచారణకు వచ్చాడు. బైండోవర్ అయినవాళ్ళు ఎలా ఉంటున్నారో ఊళ్ళో కనుక్కోవడం అతని డ్యూటీ. కనుక్కున్నాడు. మొన్న తుపాకీతో దొరికిన ఆయనే గదా అన్నారు ఊరివాళ్ళు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, తాము చూసింది చెప్పారు.

మా బావ స్టేషనుకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అక్కడి ఎస్సై ఓపిగ్గా విని, అట్లయితే తుపాకీ దొరికిందని మీరే అప్పగించినట్టు ఆ స్టేషను నుంచి ఒక కాగితం తీసుకురా, ఇక్కడితో ఆపేస్తా అన్నాడు. న్యాయమైన మాట. ఆ కాగితం కోసం నేను కాలేజీకి సెలవు పెట్టి పోయాను.

మాకు టీ ఇచ్చిన ఎస్సైయే ఉన్నాడు. గుర్తుపట్టాడు కూడా. కూర్చోమన్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. గన్‌మేన్ సంగతి రాయక్కర్లేదు, ఫలానా రోజు మేమిద్దరం సమాచారం ఇచ్చామని ఒక్క వాక్యం రాసిస్తే చాలన్నాను. ఫోనులో నేను చేసిన కాల్ చూపించాను. కాల్ చేసినట్టు ఉంది, ఎందుకు చేశారో లేదు గదా అన్నాడు. పరిష్కరించబడింది అన్న సందేశం చూపించాను. అందులోనూ సమస్య ఏమిటో లేదు.

"మా లెక్కల ప్రకారం ఆ రోజు ఎవరి తుపాకీ కూడా పోలేదు మాస్టారూ. పోనిదాన్ని మీకు దొరికిందని నేనెట్టా రాసిచ్చేది?" అన్నాడు.

వ్యాకరణం దృష్ట్యా ఆయన మాటలో తప్పు లేదు. పిల్లాడెవడైనా పరీక్షలో అలా రాస్తే నేను పూర్తి మార్కులు వేసేవాడిని. గన్‌మేన్‌తో మాట్లాడించమని అడిగాను. అతను బదిలీ మీద పోయాడన్నాడు. అతని నెంబరు మా దగ్గర లేదు. మనకు సాయపడమని ఒక పోలీసు నెంబరు తీసుకోవాల్సి వస్తుందని ఆ రోజు మాకెందుకు తోస్తుంది, అవసరంలో ఉన్నది అతనైతే.

షీటు తెరిచారు. ఆయుధాలతో తిరిగే అలవాటు ఉన్నట్టు గ్రామంలో విచారించగా తెలిసింది అని అందులో రాశారట. మా బావ జీవితంలో పట్టుకున్న ఒకే ఒక్క ఆయుధం పామును కొట్టడానికి ఎవరో ఇచ్చిన కర్ర.

పోయిన ఆదివారం వాళ్ళింటికి పోయాను. మా బావ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుంటున్నాడు. పెళ్ళికి పోతున్నాడేమో అనుకుంటారు తెలియనివాళ్ళు. ఆలస్యమైతే నిలబెడతారని, నాతో ఎక్కువ మాట్లాడకుండానే బండి తీశాడు. ఆయన నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నా తప్పేమీ లేదని కూడా రెండు మూడుసార్లు అన్నాడు, నేను అడగకముందే.

మా అక్క వాకిట్లో కూర్చుని ఎండుమిరప తొడిమలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని, హైకోర్టులో వేస్తే షీటు కొట్టేయించవచ్చని, నాకు తెలిసిన లాయరు ఒకాయన ఉన్నాడని, ఆ రోజు పిల్లలు అంతమంది వస్తుంటే అక్కడ వేరే ఏమీ చేయడానికి లేదని చెబుతూ ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా తొడిమలు తీస్తూనే ఉంది.

"ఒరేయ్, ఆ తుపాకీ నడుముకు కట్టుకుని ఇంటికొచ్చినా ఇంతకన్నా ఏమయ్యుండేదిరా మీ బావకి," అంది.