ఇంటర్వెల్‌లో లేచిపోయే మనిషి

మా అన్నయ్యకి సినిమా నచ్చకపోతే ఇంటర్వెల్‌లో లేచి వచ్చేస్తాడు. అదే ఆయన తీర్పు. బాగుందనీ బాగోలేదనీ వీధిలో ఎవరికీ నోరు విప్పి చెప్పడు. మా వీధికి ఆ మాత్రం చాలు. హాలు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు ఎప్పుడూ గేటు మీద ఒక కన్ను వేసి ఉంచుతారు. ఇంటర్వెల్‌లో అన్నయ్య బయటికి వచ్చి టీ తాగి మళ్ళీ లోపలికి వెళ్తే సినిమా బతికినట్టు. టీ ముట్టకుండా నేరుగా తన కొట్టు వైపు నడిచాడా, దాని పని అయిపోయినట్టే. ఆ తర్వాతి ఆటకి నేను టికెట్ల కౌంటర్‌లో కూర్చుని ఈగలు తోలుకోవాలి.

అన్నయ్య దర్జీ. అందరూ హీరో మొహం చూస్తే ఈయన కాలరు చూస్తాడు. "మూడు రోజులు తిండి లేక తిరిగినవాడి చొక్కాకి ఇస్త్రీ మడత ఎక్కణ్ణుంచి వచ్చిందే?" అని నన్ను నిలదీసేవాడు, ఆ ఇస్త్రీ నేనే చేసినట్టు. జనం ఎగబడి చూసిన ఒక పెద్ద సినిమాలో కొట్లాటలో తెగిపోయిన గుండీ తర్వాతి సీన్‌లో మళ్ళీ చొక్కాకి ఉందని లేచి వచ్చేశాడు. "గుండీ సంగతే పట్టనివాడికి మనిషి సంగతేం పడుతుంది" అన్నాడు. అదే, పోస్టరు చూస్తేనే నీరసం వచ్చే ఒక చిన్న సినిమాని రెండుసార్లు చూశాడు. అందులో తల్లి వేషం వేసినావిడ చిరిగిన చొక్కా కుట్టి, ముడి సరిగ్గా వేసి, దారం పళ్ళతో కొరికిందట. "సూది పట్టడం వచ్చిన మనిషి. ఆవిడ ఏడిస్తే నమ్ముతాను" అన్నాడు.

ఇంకో సంగతి చెప్పాలి. వదిన ఉన్నన్నాళ్ళూ అన్నయ్య రెండు టికెట్లు తీసుకునేవాడు. ఆయన లేచి వచ్చేసినా వదిన లేచేది కాదు. టికెట్టు కొన్నాక చివరిదాకా కూర్చోవాల్సిందే అనేది. ఆట అయిపోయాక కొట్టుకి వెళ్ళి, ఆయన మిషను తొక్కుతూ ఉంటే పక్కన స్టూలు మీద కూర్చుని రెండో సగం మొత్తం చెప్పేది. పాటలతో సహా. కొన్నిసార్లు, "లేచి వచ్చేసి తప్పు చేశావయ్యా, అసలు కథంతా ఆ తర్వాతే ఉంది" అనేది. మర్నాడు అన్నయ్య తల వంచుకుని మళ్ళీ వచ్చేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడంటే అది గొప్ప సినిమా అని వీధికి తెలుసు. ఆ వారమంతా నాకు చేతి నిండా పని.

రెండేళ్ళ కింద వదిన పోయింది. అప్పట్నుంచి ఒక్కటే టికెట్టు. అప్పట్నుంచి అన్నయ్యకి ఏ సినిమా నచ్చిందో నాకు గుర్తు లేదు. అన్నీ సగమే చూశాడు. ఒక్కదానికీ మళ్ళీ రాలేదు. పెద్ద సినిమాలు ఎలాగోలా తట్టుకుంటాయి. చిన్నవి మాత్రం ఆయన వీపు కనపడిందంటే చచ్చేవి. తీర్పు ఆయనది, ఖాళీ కుర్చీలు మావి. ఈ మాట ఆయన మొహం మీద అనాలని ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున్నే ఓనరు గారు తాళంచెవుల గుత్తి పట్టుకుని వచ్చి నా కౌంటర్‌లో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మనిషి కోపంగా కూడా లేరు. దానికే నాకు భయం వేసింది.

"అమ్మాయ్, ఇంక నా వల్ల కాదు. హాలుని గోడౌనుకి అడుగుతున్నారు. కొత్త సినిమా కదా, ఇవాళ మూడు గంటల ఆట చూస్తాను. అరవై మంది వస్తే నడుపుదాం. రాకపోతే రేపట్నుంచి తాళం" అన్నారు.

పదకొండేళ్ళుగా ఆ కౌంటరే నా బతుకు. గోడ అవతల సినిమాలు వినడమే గానీ ఒక్కటీ పూర్తిగా చూసిన పాపాన పోలేదు. అయినా అది నా చోటు. నాకంటే ముందునుంచి గేటు దగ్గర టికెట్లు చింపే గేటు తాత అయితే, తాళం అన్న మాట విని చేతిలో చీపురు కింద పడేసుకున్నాడు.

పదకొండు గంటల ఆటకి పాతికమంది వచ్చారు. అన్నయ్య కూడా వచ్చాడు. ఒక్క టికెట్టు. కిటికీ కంతలోంచి టికెట్టు ఇస్తూ చెయ్యి పట్టుకున్నాను.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. నచ్చినా నచ్చకపోయినా ఇవాళొక్కరోజు కూర్చో. హాలు ఉంటుందో ఊడుతుందో ఇవాళే తేలిపోతుంది."

"నచ్చకపోతే ఎలా కూర్చుంటానే?" అన్నాడు. అంతే. లోపలికి వెళ్ళిపోయాడు.

పన్నెండుంబావుకి ఇంటర్వెల్ బెల్లు కొట్టింది. నేను గేటు వైపే చూస్తున్నాను. అన్నయ్య అందరికంటే ముందు వచ్చాడు. జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా, టీ కొట్టు దాటి, దాదాపు పరుగు లాంటి నడకతో తన కొట్టులోకి వెళ్ళి షట్టరు సగం దించేశాడు. షట్టరు దించడం ఎన్నడూ లేదు.

టీ కొట్టు దగ్గర నవ్వులు మొదలయ్యాయి. "మాస్టారు మొహం కప్పుకుని పారిపోయారంటే ఎంత ఘోరంగా ఉందో" అన్నాడు టీ కొట్టాయన. టీ కోసం బయటికి వచ్చినవాళ్ళలో ఎనిమిది మంది మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఓనరు గారు గుత్తిలోంచి పెద్ద తాళంచెవి ఒకటి వేరు చేసి పట్టుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కౌంటరు మూసి నాలుగు కొట్ల అవతల ఉన్న అన్నయ్య కొట్టుకి వెళ్ళాను. వంగి షట్టరు కింద నుంచి దూరాను. ఏమేం తిట్టాలో దారి పొడుగునా వరస పెట్టుకునే వెళ్ళాను.

అన్నయ్య బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు వదిన చలికోటు పరిచి ఉంది. రెండేళ్ళుగా ఆ మూల కొక్కేనికే వేలాడుతున్న బూడిదరంగు కోటు. ఆఖరి చలికాలంలో దాని లోపలి లైనింగు చిరిగిపోయింది. బాగుచేసి పెట్టమని వదిన ఇచ్చింది. వచ్చే వారం అన్నాడు. బయటివాళ్ళ బట్టలు ముందు ఇవ్వాలి కదా అన్నాడు. ఆ వారం రాలేదు. చిరిగిన లైనింగులో చెయ్యి ఇరుక్కుపోతుంటే వదిన తనలో తనే నవ్వుకుంటూ తొడుక్కుని తిరిగింది. తర్వాత ఆస్పత్రికీ అదే కోటులో వెళ్ళింది.

అన్నయ్య బ్లేడుతో పాత కుట్లు విప్పుతున్నాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"సినిమా అంత దరిద్రంగా ఉందా?" అన్నాను. తిడదామని వచ్చిన గొంతు సగంలోనే తగ్గింది.

"బాగుంది."

"బాగుంటే ఎందుకు లేచొచ్చావ్?"

ఇంకో రెండు కుట్లు విప్పాడు. తర్వాత తల ఎత్తకుండానే చెప్పాడు. సినిమాలో ఒక చెప్పులు కుట్టేవాడు ఉన్నాడట. ఊరందరి చెప్పులూ కుడతాడు గానీ భార్య చెప్పు తెగితే రేపు రేపు అంటాడు. ఆవిడ పిన్నీసు పెట్టుకుని నడుస్తుంది. ఇంటర్వెల్‌కి ముందు ఆవిడ పోతుంది. అందరూ వెళ్ళాక వాడు ఆ చెప్పు తీసుకుని కుడతాడు.

"దారానికి మైనం రాశాడే. సరిగ్గా రాశాడు. తొందరపడలేదు. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. లైట్లు వేస్తే అందరూ చూస్తారని వచ్చేశాను."

నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ గడియారం చూశాను. ఒంటిగంట కావస్తోంది.

"ఈ మాట టీ కొట్టు దగ్గర చెప్పు. ఒక్కసారి చెప్పు చాలు."

"ఈ వీధిలో నిలబడి ఏడ్చానని చెప్పుకోమంటావా? చెప్పను. నువ్వూ చెప్పడానికి వీల్లేదు. మీ వదిన మీద ఒట్టు."

"నీ పరువు కోసం నా ఉద్యోగం పోవాలా? తాత ఈ వయసులో ఎక్కడికి పోతాడు?"

"వెళ్ళవే. నన్ను కుట్టుకోనీ."

అప్పుడు నోరు జారాను. "నువ్వెప్పుడూ అంతే. సగంలో లేచొచ్చేస్తావ్. మిగతా సగం ఎప్పుడూ వదినే కూర్చుని చూసింది" అన్నాను. అన్నయ్య చేతిలో బ్లేడు ఆగిపోయింది. నేను షట్టరు కింద నుంచి బయటికి వచ్చేశాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

రెండు గంటలకి కౌంటరు తెరిచాను. రెండుంబావుకి నాలుగు టికెట్లు. సినిమా నిజంగా బాగుందని టీ కొట్టాయనతో అన్నాను. "నువ్వు టికెట్లు అమ్మే మనిషివమ్మా, బాగోలేదని ఎందుకంటావ్?" అని నవ్వాడు. మరి మీ అన్న మొహం ఎందుకు కప్పుకున్నాడు అని అడిగాడు. నిజం చెప్పేద్దామనుకున్నాను. వదిన మీద ఒట్టు అన్నాడే. మింగేశాను.

రెండున్నరకి తొమ్మిది టికెట్లు. ఓనరు గారు నా పక్కనే కూర్చుని తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పుతున్నారు. గేటు తాత చేతులు కట్టుకుని రోడ్డు వంక చూస్తున్నాడు. అన్నయ్య కొట్టులోంచి మిషను చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. ఆగడం, మళ్ళీ మొదలవడం. ఆ మిషను విరగ్గొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

రెండూ నలభైకి చప్పుడు ఆగిపోయింది. షట్టరు పైకి లేచింది.

అన్నయ్య మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతి మీద వదిన కోటు. కొత్త లైనింగు నీలంగా మెరుస్తోంది. టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆయన ఎవరినీ చూడకుండా నా కిటికీ ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"రెండు ఇవ్వు" అన్నాడు, వీధంతా వినేలా.

టికెట్లు చింపడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. అన్నయ్య లోపలికి వెళ్ళాడు.

"మర్నాడు దాకా కూడా ఆగలేదురా, అదే రోజు మళ్ళీ వచ్చాడు" అన్నారెవరో. టీ కొట్టాయన పొయ్యి తగ్గించి, భుజం మీద తువ్వాలు తీసి బల్ల మీద పడేసి, వరసలో మొదట నిలబడ్డాడు. ఆయన వెనక మెకానిక్ షెడ్డువాళ్ళు, మందుల షాపు అమ్మాయిలు, పొద్దున సగంలో వెళ్ళిపోయిన ఎనిమిది మందిలో ఐదుగురు. నాకు తల ఎత్తే తీరిక లేదు. ఆట మొదలయ్యే సమయానికి ఓనరు గారు టికెట్ల కట్ట తీసి చూశారు. డెబ్భై మూడు. తాళంచెవిని మళ్ళీ గుత్తిలోకి ఎక్కించుకుని, "రేపు పదింటికల్లా వచ్చెయ్ అమ్మాయ్" అని లేచి వెళ్ళిపోయారు. తాత గేటు మూస్తూ నా వైపు చూసి ఒక్కసారి ముక్కు ఎగపీల్చాడు.

ఇంటర్వెల్‌లో జనమంతా బయటికి వచ్చారు. అన్నయ్య రాలేదు. పక్క కుర్చీలో కోటు పెట్టుకుని అలాగే కూర్చున్నాడని తాత వచ్చి చెప్పాడు.

ఐదున్నరకి ఆట వదిలారు. అందరూ వెళ్ళాక చివర్లో వచ్చాడు. నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"రెండో సగం తగలేశారు" అన్నాడు. "చెప్పులవాడికి పెద్ద షాపు వచ్చేసింది. చివర్లో ఆవిడ కల్లోకి వచ్చి పాట పాడింది. పోయినవాళ్ళు అలా వచ్చి పాడరే."

"మరి చివరిదాకా ఎందుకు కూర్చున్నావ్?"

కోటు మడత సర్దుకున్నాడు. "లేచొచ్చేస్తే మిగతాది నాకెవరు చెప్తారు?"

ఈలోగా టీ కొట్టాయన రోడ్డు దాటి వచ్చాడు. ఆయనకీ రెండో సగం నచ్చలేదని మొహం మీదే ఉంది. "మాస్టారూ, ఏమంటారు?" అన్నాడు. వెనక మరో పదిమంది ఆగి చూస్తున్నారు. రేపటి ఆట కూడా ఆ నోట్లోనే ఉందని నాకు తెలుసు. అన్నయ్య అబద్ధం చెప్పడనీ తెలుసు.

"మొదటి సగం బాగుంది. ఏడుపొచ్చింది నాకు" అన్నాడు అన్నయ్య. "ఆ సగం కోసం వెళ్ళమని అందరికీ చెప్పు."

టీ కొట్టాయన తల ఊపి వెళ్ళిపోయాడు. అన్నయ్య మళ్ళీ నా వైపు తిరిగాడు.

"రేపు పొద్దుటాట నువ్వు చూడు. నీ కౌంటర్‌లో నేను కూర్చుంటాను" అన్నాడు. "ఇంటర్వెల్‌కి వచ్చెయ్. రెండో సగం నేను చెప్తాలే."