జగ్గమ్మకు తగిన మాట

మా ఎదురింటి జగ్గమ్మకు ఒక పేరు తగిలించాలని నేను చాలా రోజులు వెతికాను. వసపిట్ట అందామంటే అది పిల్లల్ని ముద్దుచేసే మాట. వాగుడుకాయ అంటే నవ్వేసి, ఆ సంగతి వీధంతా తనే చెప్పుకొస్తుంది. ఊకదంపుడు అందామా, ఆవిడ మాటల్లో ఎక్కడో ఒక గింజ దొరికి చస్తుంది. నా ఏడుపంతా అక్కడే.

సాలూరులో మా వీధిలో సగం ఇళ్లలాగే వాళ్లదీ లారీ సంసారం. మొగుడు సోములు రాయపూర్ లోడుకు వెళితే పది రోజులకు గాని రాడు. పిల్లలు లేరు. ఒక్కర్తీ కూర్చుంటే మెతుకు దిగదని కంచం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేస్తుంది. తింటూనే మాటలు. టమాటా ధర, ఘాట్ రోడ్డులో ఎవరి లారీ ఆగిపోయింది, ఎవరి కోడలు అలిగింది.

నాలుగు నెలల కిందట మా అత్తకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, నోరు పడిపోయాయి. చోడి అంబలి చెంచాతో పోసింది నేను. పక్కలు మార్చింది నేను, ఒళ్లు తుడిచింది నేను. "మాట తిరిగి రావచ్చు, ఆవిడతో మాట్లాడుతూ ఉండండి" అన్నాడు డాక్టరు. నాకు మొదటినుంచీ మాటలు తక్కువ. "తాగు అత్తా", "అటు తిరుగు అత్తా" అంటే అయిపోయేది. అయినా అత్త మొదటి మాట నాతోనే అనాలని మనసులో గట్టిగా పెట్టుకున్నాను.

జగ్గమ్మ రోజూ మంచం పక్కన చేరేది. ఒక మధ్యాహ్నం మొగుడి గురక సంగతి ఎత్తుకుంది.

"ఏటి సెప్పమంతావు సిన్నమ్మా! మా మావ గురకెడితే లారీ గేరు మారినట్టే ఉంతాది. గోడ మీద బల్లి కూడా పక్కింటికెల్లిపోనాది!"

అత్త మూతి వంకరగా కదిలింది. "నీ... నోరు... పడిపోనూ!"

తన నోరే పడిపోయి నాలుగు నెలలైన మనిషి! జగ్గమ్మ ఎగిరి గంతేసింది. "ఒదినా, ఈశ్వరొదినా! రాయే, సిన్నమ్మ నన్ను తిట్టినాది!" ఏడుస్తూ, నవ్వుతూ అత్త బుగ్గలు పుణికింది.

నేను అంబలి గిన్నెతో గుమ్మంలో నిలబడిపోయాను. సంతోషించాలి. కడుపు మండిపోయింది. పంతొమ్మిదేళ్ల కాపురంలో అత్త నన్ను పల్లెత్తు మాట అనలేదు. అది నా అదృష్టమని అందరూ అనేవారు, నేనూ అనుకున్నాను. అంత నోరారా తిట్టాలంటే మనిషి ఎంత దగ్గరవ్వాలో ఆ రోజే తెలిసింది.

మర్నాడు సోములు ఇంటికి రావడంతో జగ్గమ్మ ఇటు రాలేదు. నాకు సందు దొరికింది. మంచం పట్టె మీద కూర్చుని, సిగ్గు వదిలేసి మొదలుపెట్టాను. కూరల ధరలు చెప్పాను. అలిగిన కోడలు పుట్టింటికి వెళ్లిందని చెప్పాను. అసలు గురకే పెట్టని నా మొగుడి గురక గురించి కల్పించి మరీ చెప్పాను. గంటసేపు చెప్పాను. గొంతు ఎండిపోయింది.

అత్త నా మొహంలోకే చూస్తోంది. పెదవులు కదిలాయి. నేను ముందుకు వంగాను.

"జగ్గి... రానేదేటే?"