తొట్టిలో ఏడవని పాప

మా చర్చిలో క్రిస్మస్ నాటికకి బాలయేసుగా బొమ్మని పెట్టరు. నిజం బిడ్డనే గడ్డి పరిచిన తొట్టిలో పడుకోబెడతారు. పాలకొల్లు పక్కన మా ఊళ్ళో అదో పట్టింపు. ఏడవని బిడ్డ ఎవరింట్లో ఉందా అని సండేస్కూలు టీచరు గారు ఇల్లిల్లూ తిరిగి చూస్తారు. ఒక ఏడు మా పాపని ఎంచుకున్నారు.

డ్రమ్ములు, కీబోర్డు, మైకులో గొర్రెల కాపరుల అరుపులు. పది నెలల పిల్ల కిక్కురుమంటే ఒట్టు! పైన సీరియల్ లైట్ల వంక చూస్తూ పడుకుంది. "ఎంత బుద్ధిమంతురాలండీ!" అని ఊరంతా పొగిడింది. మా అత్తగారి కాళ్ళు నేల మీద ఆనలేదు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

తర్వాతే గుబులు మొదలైంది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. చెవుడా అంటే, వంటింట్లో చిప్స్ ప్యాకెట్ చింపితే చాలు, పరుగెత్తుకొచ్చేది. ఏం కావాలన్నా వేలితో చూపించదు. నా చెయ్యేదో గరిటయినట్టు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్ళేది, నా మొహం మాత్రం చూసేది కాదు. తాత, పాలు అని వచ్చిన రెండు మాటలూ పోయాయి. రోజంతా డబ్బా మూత గిరగిరా తిప్పుతూ కూర్చునేది.

"హాస్పిటల్‌కి వెళ్దామండీ" అంటే మా ఆయన కసిరారు. "బంగారంలాంటి పిల్లకి లేని రోగం అంటగడతావేంటి?"

మాటలొస్తాయని అత్తగారు వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాశారు. "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళు దాటాకే మాటొచ్చిందమ్మాయ్. తొట్టిలో పడుకున్న పిల్లని దేవుడు చూసుకోడూ?" ఆ మాటతో అందరి నోళ్ళూ మూతపడేవి. అరిచాను, అలిగాను, అన్నం మానేశాను. ఎవరికీ పట్టలేదు.

చివరికి నేనే రాజమండ్రి తీసుకెళ్తే పిల్లల డాక్టరు గారు చూసి, "ఆటిజమమ్మా. మెదడు ఎదిగే తీరు వేరు. పిలిస్తే పలకనప్పుడే తీసుకొస్తే థెరపీ అప్పుడే మొదలుపెట్టేవాళ్ళం కదా" అన్నారు. అప్పటికి పాపకి నాలుగు నిండాయి. ఇప్పుడు ఆరు. థెరపీకి తిప్పుతూనే ఉన్నాను. ఇంతవరకూ నన్ను అమ్మా అనలేదు.

మొన్న క్రిస్మస్‌కి డ్రమ్ములు మోగగానే చెవులు మూసుకుని కేకలు పెట్టింది. పాస్టరమ్మ గారు మెల్లగా వచ్చి, "ఏమీ అనుకోకమ్మా, పాపని వరండాలోకి తీసుకెళ్ళు" అన్నారు. ఏమీ అనుకోకూడదట!

మా ఆయనా నేనూ దాన్ని వరండాలోకి తెచ్చాం. కిటికీలోంచి చూస్తే తొట్టిలో ఎదురింటివాళ్ళ బాబు, ఉలుకూ పలుకూ లేకుండా. "ఎంత బుద్ధిమంతుడో!" లోపల మళ్ళీ అదే మాట. నా ఒళ్ళు మండిపోయింది. పాపని ఆయనకి వదిలి, నాటిక మధ్యలో జ్ఞానుల వేషాలేసినవాళ్ళని తోసుకుంటూ వెళ్ళి, తొట్టి పక్కన కూర్చుని వాణ్ణి పేరు పెట్టి పిలిచాను.

వాడు చటుక్కున తిరిగాడు. నా కళ్ళలోకి చూసి బెంబేలెత్తి, జనంలో వాళ్ళమ్మ కోసం వెతుక్కుని, ఆవిడ కనబడగానే చేతులు చాచి గుక్కపెట్టి ఏడ్చాడు. నాటిక పాడైంది. "నీకేమైనా పిచ్చా?" అని అత్తగారు అందరి ముందూ తిట్టారు. తిట్టనీ. ఆ ఏడుపు నా చెవులకి ఎంత బాగుందో! ఆ వెంటనే గుండె చెరువైపోయింది.

వరండాలోకి తిరిగొచ్చాను. పాప నేల మీద కూర్చుని ఎవరిదో చెప్పు తిప్పుతోంది. పిలిచాను. చూడలేదు. నేను వెళ్ళిన సంగతీ, వచ్చిన సంగతీ దానికి తెలిసినట్టు లేదు.