సులోచన మేడం సబ్బుపెట్టె

తిరుపతిలో మా ఆఫీసులో మధ్యాహ్న భోజనమయ్యాక, నా పక్క సీటు అమ్మాయి చేతులు కడుక్కుని సబ్బుపెట్టె మూత టక్కున మూస్తుంది. తడి సబ్బు వాసన, ఆ వెంటనే ఆ చప్పుడు. నేను మళ్లీ చిత్తూరులో తొమ్మిదో తరగతిలో ఉంటాను, ఎదురుగా సులోచన మేడం ఉంటారు. ఆమె మా క్లాస్ టీచరు, సాంఘికం చెప్పేవారు. వరండా చివర ఆమె చెప్పుల చప్పుడు వినపడితే చాలు, క్లాసంతా నోళ్లు మూసుకునేది. నేనైతే నోటికి ఎప్పుడూ చున్నీ అడ్డం పెట్టుకునే ఉండేదాన్ని. నా పై పళ్లు అంత ఎత్తు.

తీగ క్లిప్పులు వేస్తే పిల్లలు ఏడిపిస్తారని అమ్మ పట్టుబట్టి, పళ్లమీద కనపడని ప్లాస్టిక్ తొడుగులు పెట్టించింది. తినేటప్పుడు తప్ప రోజంతా ఉంచుకోవాలి. మొదటి రోజే భోజనాల దగ్గర వాటిని తీసి డబ్బా మూతమీద పెట్టాను. మా ఆడపిల్లలం వలయంగా కూర్చుని కూరలు పంచుకునేవాళ్లం. "నోట్లోది తీసి ఈడ పెడతావా? ఎంగిలి గదమ్మే" అంటూ పక్కపిల్ల తన డబ్బా లాక్కుంది. మిగతావాళ్లూ జరిగారు. మర్నాటి నుంచి బడికి రాగానే ఎవరూ చూడకుండా తీసి సంచిలో దాచేసేదాన్ని. సాయంత్రం ఇంటి సందు మొదట్లో మళ్లీ పెట్టుకునేదాన్ని.

పళ్లు ఊరుకుంటాయా? తిరుపతిలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, పళ్లు జరిగేకొద్దీ మార్చే కొత్త తొడుగు కూర్చోలేదు. తిరుగు బస్సులో నాయన చాలాసేపు కిటికీలోంచే చూశాడు. "వచ్చేతూరికి గూడా ఇట్లే ఉంటే నిలిపేస్తాం. నీ నోరు నీ ఇష్టం" అన్నాడు. ఇక జీవితమంతా చున్నీ వెనకే బతకాలనుకుని ఏడ్చాను. అమ్మ మాత్రం మర్నాడే బడికి వచ్చి, "మీరు రవ్వంత సూసుకోండి మేడం" అని సులోచన మేడాన్ని బతిమాలింది.

మేడం మ్యాపుల గదిలో ఒక్కరే తినేవారు. గర్వమనుకునేవాళ్లం. "రేపట్నుంచి డబ్బా తీసుకొని ఈడికి రా" అన్నారు. వెళ్లి, గోడవైపు తిరిగి తొడుగులు తీయబోయాను.

"గోడకేం సూపిస్తావు? ఇట్ల తిరుగు."

తినడమయ్యాక ఆమె గది మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్లి, నోట్లోంచి ముందు పళ్ల సెట్టు తీసి అరచేతిలో పెట్టుకున్నారు. పెదవి లోపలికి పోయింది. ఒక్క క్షణంలో ముసలామె అయిపోయారు. "సూసినావు గదా. ఇంగ నీకేం సిగ్గు?" అన్నారు, మాటలోంచి గాలి పోతుంటే. ఇతరుల గ్లాసుతో మంచినీళ్లు కూడా తాగని మనిషి నా తొడుగులు తీసుకుని, తన పళ్లతో పాటే కడిగారు. కొత్త సబ్బుపెట్టె ఒకటి ఇచ్చారు. డాక్టరిచ్చిన డబ్బా చూస్తే అందరూ ఏమిటని అడుగుతారు, సబ్బుపెట్టెను ఎవరూ అడగరు.

తొడుగులు పెట్టుకున్నాక గట్టిగా పాఠం చదివించేవారు. మొదట్లో నాలుక మందమై మాట ముద్దగా వచ్చేది. చెయ్యి నోటి దగ్గరికి పోతే స్కేలుతో కిందికి నెట్టేవారు. తరువాతి సారి తొడుగు సరిగ్గా కూర్చుంది. బస్సులో నాయన నాకు వేరుశనక్కాయలు కొనిచ్చాడు, తొడుగులుంటే తినకూడదని మరిచిపోయి.

ఒకరోజు మేడం విరిగిన చేతికి పుత్తూరు ఎముకల వైద్యుల కట్టుతో వచ్చారు. బాత్రూంలో జారిపడ్డానని స్టాఫ్‌రూంలో చెప్పారట. నేను సబ్బుపెట్టె తుడుస్తూ, "పండ్లు గూడా అట్లే పోయినాయా మేడం?" అని అడిగాను.

"అందరికీ అట్లే చెప్పినాను. మా ఇంటాయన కొట్టినాడు. చెయ్యైతే పుత్తూరులో కట్టినారు. పండ్లకు కట్టు లేదు గదా."

సబ్బుపెట్టె మూత మూశాను. "దాచొద్దని నీకు చెప్పి, నీకే అబద్ధం ఎట్ల చెప్పేది? మా అన్న సర్దుకోమన్నాడు. సరే, చదువు" అన్నారు. చదివాను. ఏ పాఠమో గుర్తులేదు.

నా పళ్లు సర్దుకున్నాయి. చదువైంది, ఉద్యోగమొచ్చింది. ఒక ఉదయం అమ్మ ఫోన్ చేసింది. "మీ సులోచన మేడం పోయినారంట. బాత్రూంలో జారిపడినారంట."

చిత్తూరు బస్సు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఆ మాటే చెవిలో ఉంది. మేడం ఇంట్లో ఆమెను హాల్లో చాపమీద పడుకోబెట్టారు. పళ్ల సెట్టు లేదు. పెదవి లోపలికి పోయి ఉంది. నాకు తప్ప ఎవరికీ చూపించని ముఖాన్ని ఊరంతా చూస్తోంది. భర్త కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లకల్లా "కాలు జారింది" అని చెబుతున్నాడు. నేను పెరటి కుళాయి దగ్గరికి వెళ్లాను. గట్టుమీద స్టీలు గ్లాసులో నీళ్లు, నీళ్లలో ఆమె పళ్లు. కడిగి తెచ్చి, తల దగ్గర కూర్చున్న మేడం వాళ్లన్నకు చూపించాను.

"ఇవి పెట్టండి సార్."

"ఇప్పుడెందుకు పాపా, కాలిపోయేవే గదా."

చెయ్యి నోటికి అడ్డం పోలేదు. హాలంతా వినపడేలా చెప్పాను. "మేడం పండ్లు జారిపడి పోలేదు. ఈయన కొట్టినాడు. మేడమే నాతో చెప్పినారు."

భర్త గోడకేసి చూశాడు. వాళ్లన్న తల వంచుకుని, "మాకందరికీ తెలుసు పాపా. ఇంగ ఆ మాట లేపొద్దు" అన్నాడు. బయట పలక డప్పులు మోగడం మొదలైంది. ఆమెను ఎత్తారు. పళ్లు నా చేతిలోనే ఉండిపోయాయి.

వాళ్లన్న తప్ప మిగతావాళ్లు తెలియక ఊరుకున్నారనుకున్నంత కాలం నాకు బాధే ఉండేది. అందరూ తెలిసీ ఊరుకున్నారని విన్నప్పటి నుంచి కోపం, అది ఇప్పటికీ తగ్గలేదు. ఆమె ఇచ్చిన సబ్బుపెట్టె నా బీరువాలో ఉంది. అందులో ఇప్పుడు నా తొడుగులు లేవు, ఆమె పళ్లున్నాయి. అప్పుడప్పుడూ తీసి కడుగుతాను. ఎంగిలి అని ఒక్కసారీ అనిపించలేదు. మొన్న నేనుండే లేడీస్ హాస్టల్లో వంటామె కమిలిన చెంపతో వచ్చి, జారిపడ్డానంది. పక్కన కూర్చుని, ఎవరు కొట్టారని అడిగాను.