కుక్కవామింట, దాని చెల్లె

ఇది రాయడం ఎందుకులే అనుకున్నాను. రాసినా చదివి తప్పులు దిద్దే మనిషి లేడు. మా వీధి సైన్సు సారు పోయి నెల దాటింది. ఆనాడు పొద్దున షటరు సగం లేపి ఉండగా, పాల ప్యాకెట్టుకు వచ్చిన ఆమె "సారు పోయిండట సేటూ" అంది. నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, కోపం. ఇంకో ఇరవై రోజులు ఆగి ఉంటే తేలిపోయేది కదా అని.

సారు జనగామలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. నేను అయిదో తరగతిలో బడి మానేసి కిరాణా కొట్టులో కూర్చున్నవాణ్ణి. మా ఇద్దరికీ పొత్తు కుదిరింది ఆవాల దగ్గర. ఒకనాడు కౌంటరు మీద చిటికెడు గింజలు పోశాడు.

"ఇవేంది సేటూ?"

"ఆవాలు."

"పుట్టినకాడికెల్లి అమ్ముతున్నవ్, గంతేనా? ఇవి కుక్కవామింట గింజలు. నిన్న స్టేషన్ ఎన్క దులిపిన."

"పోపుల ఎయ్యొచ్చా?"

"ఎయ్యొచ్చు. అడవి ఆవాలంటరు అందుకే. నీ గిరాకి పోతదని ఎవ్వరికీ చెప్తలేను."

ఆ రోజు నుంచి నాకు బయట తిరగడం కష్టమైపోయింది. కురవి వీరన్న మొక్కుకు పోతుంటే, దారిలో నర్సింహులపేట దగ్గర ఆటో ఆపి చేను గట్ల మీద ఆ మొక్క ఉందేమో చూసి రమ్మన్నాడు సారు. చూశాను. నా భార్య కురవి దాకా నాతో మాట్లాడలేదు. దర్శనం వరుసలో కూడా ఒక మనిషి జాగా వదిలి నిల్చుంది. ఆ సంగతి వేరే.

సారు పట్టుదల ఏమిటంటే, మనం కుక్కవామింట అని పిలిచేవి రెండు రకాలు. పువ్వు పచ్చనే, ఆకు అదే, వాసన అదే, చేతికి అంటుకునే జిగురూ అదే. తేడా పండిన గింజలో ఉందనేవాడు. ఒకదాని గింజ మీద గరుకు గీతలు, రెండోదాని గింజ నున్నన. ఆ రెండోదానికి పేరు పెట్టకుండా "దాని చెల్లె" అనేవాడు. తెలిసిన కాలేజీ వాళ్లకు రెండు మొక్కలనూ కాగితాల మధ్య ఆరబెట్టి పంపితే, రెండూ ఒకటేనన్నారు. పచ్చి గింజ నున్నగా ఉంటుంది, పండితే గరుకవుతుంది, అంతే తేడా అన్నారు. కాదనాలంటే ఏ చెట్టు కాయ ఆ చెట్టుతోనే ఉండాలి.

రెండూ పక్కపక్కన మొలిచేది మహదేవపూర్‌లో, గోదావరి ఇసుక దగ్గర. నా బిడ్డను ఇచ్చింది అక్కడే. పోయినేడు పండిన కాయలతో రెండు చెట్లూ పీకి, ఒకే కవరులో పెట్టి, మూతి కట్టి భూపాలపల్లి మీదుగా బస్సులో తెచ్చాను. ఎండకు కాయలు పగిలి గింజలన్నీ కవరు అడుగున కలిసిపోయాయి. సారు మూతి విప్పి చూశాడు.

"రెండు ఒక్కదాంట్లనే పెట్టినవా?"

"ఒక్క కవరే ఉండె సారూ."

"కవర్లు అమ్మేటోనివి గదా సేటూ నువ్వు."

తిట్టి ఉంటే బాగుండేది. భూతద్దం పెట్టుకుని మూడు రోజులు గింజలు ఏరాడు. ఈ ఏడు తొలకరికి తన వాకిట్లో గరుకువి ఒక కుండీలో, నున్నవి ఒక కుండీలో చల్లాడు. నున్నవి పచ్చి గింజలే అయితే మొలవవు. వారం తిరగకముందే కొట్టుకు వచ్చాడు. అప్పుడు గిరాకీ మీద ఉన్నాను.

"మొలిచింది."

"ఏది?"

"చెల్లె."

కాలేజీ వాళ్లకు రాయమన్నాను. ఒప్పుకోలేదు. "జర ఆగు, మళ్ల కాయ కాయాలె, అది నున్నగనే ఉండాలె" అన్నాడు. రెండు కుండీల్లోనూ పువ్వు పట్టిన వారంలో, నిద్రలోనే పోయాడు.

నేను రోజూ పోయి నీళ్లు పోయవలసింది. చావు జరిగిన ఇంటికి దినాలు కాకముందు ఊరికే పోతే బాగుండదని ఆగాను. మా దగ్గర పెద్దకర్మ ముందు రోజు ఇల్లూ వాకిలీ కడిగి, గడ్డీ గాదం పీకి శుభ్రం చేస్తారు. కర్మ నాడు పోయేసరికి కుండీలు బోర్లించి గోడ పక్కన ఉన్నాయి.

"కుండీల చెట్లేమైనయి అక్కా?" అని సారు భార్యను అడిగాను.

"చెట్లేడివి? పిచ్చిమొక్కలే గదనే. మా చెల్లె పీకి చెత్త బండిల ఏసింది. ఎందుకు, ఏమన్న మందుకా?"

"ఏం లేదు" అన్నాను. ఆమె మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. కుండీల మీద చీటీలు అంటించవలసింది సారు. ఇంట్లో చెప్పవలసింది సారు. అసలు రెండు కవర్లు తీసుకుపోవలసింది నేను.

పోయిన ఆదివారం మహదేవపూర్ పోయాను. రెండు కాగితపు సంచులు తీసుకుపోయాను. కుక్కవామింట గట్టు కింది ఇసుకలో కాయలతో దొరికింది. చెల్లె ఉన్న గట్టుకు గడ్డి మందు కొట్టారు, ఎర్రగా మాడిపోయి ఉంది. బిడ్డ ఇంట్లో అన్నం తిని సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను.